ఎవరిని మేల్కొలుపుట? - క్రైస్తవ ఉదయప్రార్థనా సాహిత్యము

ఉదయమును వర్ణించుట వేరు, ఉదయమున పలుకుట వేరు. మొదటిది కావ్యధర్మము. మన ప్రబంధకవులు సూర్యోదయమును అష్టాదశవర్ణనలలో నొకటిగా నెంచి, తమ తమ శక్తికొలది నిర్వహించిరి. రెండవది స్తోత్రధర్మము. అందు పలుకువాని యెదుట వినువాడొకడు ఉండితీరవలెను. వినువాడెవడో తేలినగాని పలుకునకు రూపమేర్పడదు. క్రైస్తవలోకమున దాదాపు రెండువేల యేండ్లుగా పెరిగిన ఉదయప్రార్థన ఈ రెండవ తెగకు చెందినది. దానిని మతాచారముగా మనమెల్లరము ఎరుగుదుము. వాఙ్మయముగా విచారించిన సందర్భములు మాత్రము మన భాషలో అరుదు. అనుదినము వేలకొలది తెలుగు గృహములందు ఉచ్చరింపబడు వాక్యసముదాయమును విమర్శకుడు తన పరిధికి వెలుపలిదిగా నెంచుట న్యాయము గాదు. కావున ఈ వ్యాసమున ఒక్క ప్రశ్నను మాత్రమే ముందుంచుకొని ఆ సాహిత్యమును పరిశీలింపదలచితిని: ఉదయప్రార్థనయందు మేల్కొలుపబడువాడెవడు?

ఈ ప్రశ్న తెలుగువారికి సహజముగా తట్టునది. మేలుకొలుపు మనకు చిరపరిచితమైన రచనాప్రక్రియ. దాని మూలము రాజాస్థానములందును, దేవాలయములందును గూడ కలదు. రఘువంశము పంచమసర్గయందు వైతాళికులు అజకుమారుని ప్రభాతవేళ మేలుకొలుపుదురు. వాల్మీకి బాలకాండమున విశ్వామిత్రుడు రాముని నిద్రలేపి ప్రాతఃకాలకృత్యములకు ప్రేరేపించిన శ్లోకమే తరువాతి కాలమున ప్రతివాదిభయంకరం అణ్ణన్ రచించిన వేంకటేశ సుప్రభాతమునకు ఆదిశ్లోకమైనది. ఇచట నిద్రించువాడు దేవుడు. ఆ నిద్ర యోగనిద్ర. మేల్కొలుపుట భక్తుడు చేయు కైంకర్యము. భగవంతుని రాజుగను, శిశువుగను, అతిథిగను భావించి ఉపచరించు సంప్రదాయమునకు ఈ ప్రక్రియ అత్యంత స్వాభావికము. అన్నమాచార్యుల మేలుకొలుపు సంకీర్తనలందలి మార్దవమంతయు ఈ భావననుండియే పుట్టినది. నిద్రించు బిడ్డ చెంత నిలిచిన తల్లికి తెలియని భాష అందు లేదు.

అయితే మన సంప్రదాయమున సైతము మేల్కొలుపు ఒక్క దిక్కునకే పోవునది గాదు. తిరుప్పావైని చూడుడు. ముప్పది పాశురములలో ఆరవది మొదలు పదునైదవది వరకు ఆండాళ్ లేపునది దేవుని గాదు, చెలికత్తెలను. వారి తలుపులు తట్టి, వారి బద్ధకమును ఎత్తిపొడిచి, వారి సాకులను ఖండించి, అందరిని కూడగట్టుకొని పిదప నందగోపుని గుమ్మము చేరును. తిరుమలయందు ధనుర్మాసమున సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై పఠింపబడుచున్నది. కావున దేవుని లేపు పాటయు, మనుష్యుని లేపు పాటయు ఒకే గర్భగృహద్వారమున వంతులవారిగా వినవచ్చుట మనకు క్రొత్త గాదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొని క్రైస్తవ వాఙ్మయమును సమీపించినచో, భేదమును అతిశయోక్తి చేయు ప్రమాదము తప్పును.

హీబ్రూ కీర్తనకారునకు దేవుడు నిద్రించువాడు గాడు. 121వ కీర్తన ఈ మాటను స్పష్టముగా నుద్ఘాటించినది. ఇశ్రాయేలు కావలివానికి కునుకైనను లేదు. మరి తెల్లవారుజామున కవి ఎవరిని లేపవలెను? 57వ కీర్తనయందును, 108వ కీర్తనయందును ఇందుకు లభించు సమాధానము అపూర్వమైనది. కవి తన వీణెను లేపును, సితారను లేపును, తుదకు వేకువనే లేపుదునని పలుకును. ఉదయము వచ్చి మనుష్యుని లేపుట లోకమర్యాద. మనుష్యుడు లేచి ఉదయమును లేపుట కవిమర్యాద. ఈ విపర్యాసమునందే ఉదయప్రార్థనయొక్క బీజమున్నది. ప్రార్థించువాడు కాలముచేత లేపబడువాడు గాక, కాలమునకంటె ముందు నిలుచువాడు.

ఇక్కడ ఒక అపవాదమును దాచిపెట్టరాదు. 44వ కీర్తనలో పరాజితులైన జనులు దేవుని ఏల నిద్రించుచున్నావని నిలదీయుదురు. మార్కు సువార్త నాల్గవ అధ్యాయమున తుపానులో చిక్కిన శిష్యులు పడవ వెనుకభాగమున తలగడపై నిద్రించుచున్న యేసును లేపుదురు. అనగా దేవుని మేల్కొలుపు మాట ఈ వాఙ్మయమున కూడ కలదు. కాని అది ఆపత్కాలభాష. నిత్యోదయమునకు చెందినది గాదు. సంకటమున దేవుడు నిద్రించినట్లు తోచును. సామాన్యదినమున నిద్రించునది మనమే. ఈ రెండు స్థితులకును వేర్వేరు భాషల నేర్పరచుకొనుట ఈ సంప్రదాయముయొక్క వివేకము.

ప్రార్థనకును ప్రాధాన్యక్రమమునకును గల సంబంధమును చూపుటకు 5వ కీర్తనయందలి ఒక క్రియాపదము చాలును. ఉదయమున కవి తన ప్రార్థనను దేవునియెదుట అమర్చుదునని చెప్పుచోట వాడిన హీబ్రూ ధాతువు బలిపీఠముపై కట్టెలు పేర్చుటకును, యుద్ధమున సేనలను వరుసదీర్చుటకును వాడబడునది. పేర్చుట, వరుసదీర్చుట అను అర్థమును గ్రహించినచో, ఆ ప్రార్థన ఉద్వేగప్రకటనము మాత్రమే గాదని తేటపడును. అది దినమును పేర్చుకొనుట. ఏది అడుగున, ఏది పైన, ఏది ముందు, ఏది వెనుక అను నిర్ణయము. యేసు నేర్పిన ప్రార్థనయొక్క నిర్మాణమును చూచినను ఇదియే కనబడును. నామము, రాజ్యము, చిత్తము అను మూడు దేవసంబంధములైన మనవులు ముందు. ఆహారము, క్షమ, రక్షణ అను మానవసంబంధములైనవి తరువాత. ఆహారమును తుచ్ఛమని విడువలేదు, మొదట నిలుపనులేదు. పైగా ఆ ఆహారము ఆనాటికి సరిపడునది మాత్రమే. నిర్గమకాండమున ఎడారిలో కురిసిన మన్నాను ఉదయోదయమున ఏరుకొనవలసియుండెను. మరునాటికి దాచుకొన్నది పురుగుపట్టెను. నిన్నటి ప్రార్థన నేటికి చెల్లదను భావమునకు ఇంతకంటె దృఢమైన ప్రతీకను ఊహింపలేము.

మార్కు సువార్త మొదటి అధ్యాయమునందలి ఒక చిన్న కథాఖండము ఈ సందర్భమున మిక్కిలి విలువైనది. కపెర్నహూమున సాయంకాలము పట్టణమంతయు ద్వారమున గుమిగూడినది. రోగులనేకులు స్వస్థత నొందిరి. మరునాడు పెందలకడనే, ఇంకను చీకటియుండగానే యేసు లేచి అరణ్యప్రదేశమునకు వెళ్లి ప్రార్థించెను. సీమోను మొదలగువారు వెదకికొని వచ్చి, అందరును వెదకుచున్నారని చెప్పిరి. ఆయన తిరిగి ఆ పట్టణమునకు పోలేదు, సమీపగ్రామములకు పోవుదమనెను. కథకుడు ప్రార్థనలోని మాటల నొకటియు చెప్పలేదు. ఫలమును మాత్రము చూపెను. కీర్తి పిలుచుచున్నది, జనులు పిలుచుచున్నారు, ఆ పిలుపు అధర్మమైనదియు గాదు. అయినను అది ఆనాటి మొదటి పని గాదని నిర్ణయింపబడినది. ఇతరుల కోర్కెలు గుమ్మము తట్టకముందే దినముయొక్క ప్రధానకార్యమును తెలిసికొనుట - ఉదయప్రార్థనకు ఇంత క్లుప్తమైన నిర్వచనము మరియొకచోట దొరకదు. కథనశిల్పమున గూడ ఇది గమనింపదగినది. మౌనమును మౌనముగానే విడిచిన రచయిత నిగ్రహము ప్రశంసార్హము.

ఈ అనుభవము వ్యవస్థగా మారినచోట మనకు ఆరవ శతాబ్దమునాటి బెనెడిక్టు నియమావళి ఎదురగును. పగలు ఏడుమారులు, రాత్రి ఒకమారు ప్రార్థనకు కూడవలెనను విధి అందు కలదు. నియమగ్రంథములు సాధారణముగా శుష్కములని మన యభిప్రాయము. ఇది అట్టిది గాదు. ఉదయపూజకు లేచునప్పుడు సన్న్యాసులు ఒకరినొకరు మృదువుగా హెచ్చరించుకొనవలెను, ఏలయన నిద్రమత్తుగలవారు సాకులు వెదకుదురు అని ఆ రచయిత వ్రాసెను. ఆలస్యముగా వచ్చువారును అందుకొనగలుగునట్లు ఒక కీర్తనను మెల్లగా సాగదీసి పాడవలెనని విధించెను. ప్రభువు నేర్పిన ప్రార్థనను ఉదయమునను సాయంకాలమునను పెద్ద బిగ్గరగా పఠింపవలెననుటకు ఆయన చెప్పిన హేతువు మరియు రమ్యము: కలిసి బ్రతుకువారి మధ్య కలహకంటకములు మొలచుట సహజము, మేము క్షమించినట్లే మమ్ము క్షమింపుమను మాట నోట వచ్చినప్పుడు అవి తొలగవలెను. మనుష్యస్వభావమును ఇంతగా నెరిగిన వాడు విధిని వ్రాసినను అది సాహిత్యమే. ఆండాళ్ చెలులను లేపిన చనవునకును, బెనెడిక్టు సోదరులను లేపుమన్న మార్దవమునకును బంధుత్వమున్నది.

మఠములలోని ఈ క్రమమును సామాన్యగృహస్థునకు అందించినవాడు ఇంగ్లండునందలి థామస్ క్రాన్మర్. ఆయన ఆధ్వర్యమున 1549లో వెలువడిన సామాన్యప్రార్థనగ్రంథము మఠములందలి బహువేళల ఆరాధనను ఉదయసాయంకాలములకు కుదించి, లాటినునుండి దేశభాషలోనికి తెచ్చెను. ముప్పది దినములలో నూటయేబది కీర్తనలును పూర్తియగునట్లు వానిని పంచియిడెను. ఈ పంపిణీయొక్క సాహిత్యఫలము గుర్తింపదగినది. పాఠకుడు తన మనఃస్థితికి తగిన కీర్తన నేరుకొనుటకు వీలులేదు. ఇంట పెండ్లి జరుగునాడు విలాపగీతము రావచ్చును; శోకదినమున నృత్యగీతము రావచ్చును. తన సుఖదుఃఖములే లోకమునకు కొలత గావని ప్రతిదినమును గ్రంథము చెప్పకయే చెప్పును. ఎన్నుకొనిన పాఠము మనలను సమర్థించును. క్రమముగా వచ్చిన పాఠము మనలను సంస్కరించును.

క్రాన్మర్ వాక్యశైలిలో రెండు లక్షణములు తెలుగు రచయితకు ఆసక్తికరములు. ఒకటి, సమానార్థకములైన మాటలను జంటలుగా కూర్చుట. ఇది మనకు అపరిచితము గాదు. దయాదాక్షిణ్యములు అని జంటగా పలుకుట మన నుడికారము. జనసమూహము కలిసి పలుకు వాక్యమునకు జంటపదము ఊపిరి తీసికొను తావు నిచ్చును. రెండవది సంగ్రహప్రార్థనయొక్క నిర్మాణము. దేవుని సంబోధించుట, ఆయన గుణమునో కార్యమునో స్మరించుట, ఒక్క మనవి చేయుట, దాని ప్రయోజనమును తెలుపుట, క్రీస్తు నామమున ముగించుట - అన్నియు ఒకే వాక్యమున ఇమిడియుండును. గుణస్మరణము అలంకారముకొరకు గాదు. కోరబోవు కోర్కెకు అది హేతువు. మన దండకములందును, స్తవములందును విశేషణపరంపర స్వయముగా ప్రధానమగును. ఇచట అది మనవికి లోబడియుండును.

ఈ రూపము తెలుగులోనికి వచ్చినప్పుడు ఒక చిత్రమైన మార్పు జరుగును. ఇంగ్లీషున ముందు సంబోధన, తరువాత విశేషణవాక్యము. తెలుగున విశేషణము ముందు వచ్చి, సంబోధన తుదిని నిలుచును. 'రాత్రి యెల్ల మాకు కావలియున్న తండ్రీ' అని మనము అందుము. పేరు చెప్పకముందే ఉపకారము చెప్పబడును. జ్ఞాపకము పండి పిలుపుగా మారును. ఇది తెలుగువాక్యమునకు గల స్వతస్సిద్ధమైన సౌలభ్యము. దీనిని గ్రహించి వ్రాసినచోట మన ప్రార్థనలు అందగించినవి. దీనిని విస్మరించి, 'ఓ తండ్రీ, యెవడవైతే నీవు' అను బాటన నడిచిన అనువాదములు పల్లెవాని నోట నిలువక, పుస్తకముననే మిగిలిపోయినవి. ప్రార్థనానువాదమును పరీక్షించుటకు ఒక్కటే గీటురాయి: చీకటిలో, దీపము లేక, కన్నులు మూసికొని చెప్పగలుగునా?

కవుల చేతిలో ఈ ప్రక్రియ ఏ రూపము దాల్చినదో చూచుటకు జార్జి హెర్బర్టును, థామస్ కెన్‌ను పోల్చుట మేలు. హెర్బర్టు 1630లో బెమర్టన్ గ్రామమున పురోహితుడై, 1633లో మరణించెను. ఆయన కవితలు 'ది టెంపుల్' అను పేర ఆ యేడే వెలువడినవి. ఆయన దినమునకు రెండుమారులు ప్రార్థనగంట మ్రోగింపగా, కొందరు పల్లెవారు నాగళ్లను నిలిపి తామును క్షణము ప్రార్థించెడివారని ఐజాక్ వాల్టన్ 1670లో వ్రాసిన జీవితచరిత్రవలన తెలియును. ఆయన ప్రాభాతగీతమున కవి కన్ను విప్పునప్పటికే దేవుడు సిద్ధముగా నిలిచియుండును. ఎవరు ఎవరిని కనిపెట్టుకొనియున్నారో తారుమారైనది. మన మేలుకొలుపులో భక్తుడు గుమ్మమున నిలిచి దేవుడు కన్నువిప్పుటకు నిరీక్షించును. ఇచట దేవుడే గుమ్మమున నిలిచి మనుష్యుడు కన్నువిప్పుటకు నిరీక్షించుచున్నాడు. తరువాతి చరణములలో కవికి కలుగు ఆశ్చర్యమంతయు, ఇంత అల్పమైన మనుష్యహృదయమునకై ఇంత జాగరణము ఏల అనునదే.

కెన్ (1637-1711) మార్గము వేరు. ఆయన వించెస్టరు పాఠశాల విద్యార్థులకొరకు 1674లో ప్రార్థనాపుస్తకము నొకదానిని వ్రాసెను. 1695 నాటి కూర్పున ఉదయ, సాయంకాల, అర్ధరాత్రగీతములు చేర్చబడినవి. ఉదయగీతమున కవి తన ఆత్మనే సంబోధించి, సూర్యునితోపాటు లేచి ఆనాటి విధులబాట నడువుమని ప్రేరేపించును. హెర్బర్టునందు విస్మయము, కెన్‌నందు ఉద్బోధము. కవిత్వముగా మొదటిది గొప్పది. పాటగా రెండవది గొప్పది. నూతనభావము బాలుర నోట నిత్యము నిలువదు. పరిచితమైన మాట, సరళమైన నడక నిలుచును. ఒకే తులాదండమున రెండింటిని తూచుట విమర్శకు తగదు. ఏకాంతమున ఒక్కమారు చదువబడుటకు వ్రాసినదానిని, సమూహమున వేయిమారులు పాడబడుటకు వ్రాసినదానిని వేర్వేరు నియమములతో పరిశీలింపవలెను.

ఇక నియమము ఓడిపోయినచోట సాహిత్యము ఏమి చేసినదో చూతము. విలియం లా 1729లో ప్రకటించిన 'ఎ సీరియస్ కాల్' అను గ్రంథమున ప్రొద్దెక్కువరకు నిద్రించుటను తీవ్రముగా నిందించెను. కూలివాడును, వర్తకుడును తమ తమ పనులకు లేచియుండగా, దైవస్తుతికి లేవనివాని సిగ్గు ఎట్టిదని ఆయన తర్కము. వాక్యములు పదునైనవి, కాని కనికరము తక్కువ. ఈ గ్రంథమును ఆక్స్‌ఫర్డున చదివి, హేళన చేయుదమని ఆరంభించి, తుదకు దానికి లోబడినవాడు సామ్యూల్ జాన్సన్. అంతటి జాన్సన్ జీవితమంతయు వేకువ లేవవలెనని సంకల్పించుచు, ఓడిపోవుచు, మరల సంకల్పించుచు గడపెను. 1760ల నాటి ఒక సంకల్పమున ఆయన ఎనిమిది గంటలకు లేచెదనని వ్రాసికొని, ఇది పెందలకడ గాకపోయినను ఇప్పుడు రెండువరకు పండుకొనుటకంటె మేలని తనకు తానే సమాధానము చెప్పుకొనెను. ఆయన మరణానంతరము 1785లో వెలువడిన ప్రార్థనలు, ధ్యానములు అను సంపుటము ఇట్టి ఒప్పుకోళ్లతో నిండియున్నది.

లా గ్రంథమున ఆదర్శమున్నది. జాన్సన్ పుటలలో మనుష్యుడున్నాడు. నిఘంటుకర్తయైన మహాపండితుడు, సంభాషణమున ఎదురులేనివాడు, శయ్యనుండి లేచుట అను చిన్న కార్యమున ఏటేట ఓడిపోవుటయు, ఆ ఓటమిని అలంకారములు లేని వాక్యములలో దేవుని యెదుట పెట్టుటయు చదువునప్పుడు నవ్వును రాదు, జాలియు రాదు, గౌరవము కలుగును. ఆయన ప్రసిద్ధగద్యమునందలి సమతూకపు ఠీవి ఈ పుటలందు సన్నగిల్లినది. ఎదుటివాడు పాఠకుడు గానప్పుడు రచయితకు ఠీవితో పనిలేదు. నిద్రించువాడు తానేయని, మేల్కొలుపవలసినది తననేయని ఇంత నిష్కపటముగా ఒప్పుకొన్న రచన ఈ శాఖయందు మరియొకటి అరుదు.

ఇరువదవ శతాబ్దమున ఈ విషయమునకు ప్రాణాంతకమైన గాంభీర్యము నిచ్చినవాడు డీట్రిష్ బోన్‌హోఫర్. హిట్లరు ప్రభుత్వమునకు లోబడని క్రైస్తవసంఘముకొరకు 1935లో ఫిన్‌కెన్‌వాల్డెయందు వేదాంతవిద్యార్థులకు శిక్షణ నిచ్చుచు, ఉదయమున సమష్టిప్రార్థనను, పిదప మౌనధ్యానమును నియమించెను. 1937లో గెస్టపో ఆ విద్యాలయమును మూసివేసెను. ఆ అనుభవమునుండి 1939లో 'కలిసి జీవించుట' అను చిన్న పుస్తకము వెలువడినది. అందు ఉదయప్రార్థనను పరీక్షించుటకు ఆయన చెప్పిన గీటురాయి కఠినమైనది. ఆ ధ్యానము మనుష్యుని ఒక అవాస్తవలోకమునకు కొనిపోయి, పనిలోనికి అడుగిడినంతనే భయముతో మేల్కొనునట్లు చేసినదా, లేక వాస్తవమైన దేవలోకమున నిలిపి బలవంతునిగా పంపినదా? మేల్కొనుట అను మాట ఇచట ఎట్లు తిరుగబడినదో గమనింపుడు. ప్రార్థనయే నిద్ర కావచ్చును! ఈ హెచ్చరికను సంప్రదాయములోపలినుండి ఇచ్చుటలోనే ఆయన ప్రామాణికత యున్నది. 1943 క్రిస్మస్ నాటికి తెగెల్ చెరసాలయందు తోటి ఖైదీలకొరకు ఆయన వ్రాసిన ఉదయప్రార్థన తనలోని చీకటిని, ఒంటరితనమును, అశాంతిని దాచదు. చిన్న చిన్న వాక్యములు, ఒక్కొక్కదానియందు ఒక లేమి, దాని యెదుట ఒక ఆశ్రయము. 1945 ఏప్రిల్ 9న ఆయనను ఉరితీసిరి. ఆ మరణమువలన ప్రార్థనకు విలువ వచ్చినదనుట సరిగాదు. మరణము ఎదుట నిలువగల వాక్యములను ఆయన ముందే నేర్చియుండెననుట సరి.

మన భాషకు వత్తము. క్రైస్తవము తెలుగున గీతముగానే హృదయములలోనికి ప్రవేశించినది. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలైన వారి రచనలతో కూడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటము మన విమర్శకులు తప్పక చదువదగినది. కీర్తనల శిరస్సున రాగతాళములు సూచింపబడియుండుటయే ఆ రచయితల అభిమానము నెరిగించును. పాశ్చాత్యదేశపు బాణీలకు తెలుగుమాటలను ఇరికించుటతో వారు తృప్తినొందలేదు. తాము పుట్టిపెరిగిన భజనసంప్రదాయమునే ఆరాధనకు ఉపకరణముగా చేసికొనిరి. పల్లవి, చరణము, ప్రాస, యతి, సంస్కృతసమాసము, జానుతెనుగు - అన్నియు అందు కలవు. శ్రీమన్నారాయణుని పిలిచిన విశేషణములు కొన్ని క్రీస్తును పిలుచుటకు వచ్చిచేరినవి.

ఉదయకీర్తనలందు ఈ సంగమము ప్రత్యేకముగా కనబడును. మేలుకొలుపుయొక్క నడక నిలిచినది. తెల్లవారుటను తెలుపు సామగ్రియు నిలిచినది. కాని సంబోధన మారినది. లెమ్మని పిలువబడునది తోటి విశ్వాసులు, లేక తన మనస్సు. దేవుడు మేల్కొనియే యున్నాడు. ఒక ప్రక్రియను గ్రహించి, దాని శ్రోతను మాత్రము మార్చుట సామాన్యమైన పని గాదు. అనుకరణమాత్రమే ఐనచో శ్రోత మారడు. తిరస్కారమాత్రమే ఐనచో ప్రక్రియ మిగులదు. ఈ మధ్యమార్గమున నడచిన అజ్ఞాతప్రాయులైన కీర్తనకారులు తెలుగుసాహిత్యచరిత్రలో ఒక అధ్యాయమునకు అర్హులు. తమిళమున హెచ్. ఏ. కృష్ణపిళ్ళై, మరాఠీయందు నారాయణ వామన తిలక్ తమ తమ భక్తిసంప్రదాయములను క్రైస్తవానుభవమునకు అనువుగా మలచిన తీరు ఆయా భాషల సాహిత్యవిచారమున చోటు చేసికొన్నది. మనవారికి అట్టి పరిశీలన చాలినంత లభింపలేదు. జాషువ 'క్రీస్తుచరిత్ర' 1964లో కేంద్రసాహిత్యఅకాడమి బహుమానము నొందినది. క్రీస్తుకథ మన కావ్యజగత్తునకు అట్లు పరిచితమైనది. క్రీస్తుభక్తుని దినచర్య మాత్రము ఇంకను గుమ్మము వెలుపలనే నిలిచియున్నది.

ఇందుకు కారణములు లేకపోలేదు. ఒక ఆక్షేపణ ఇట్టిది: దినదినము ఒకేమాట పలుకుట యాంత్రికము, యాంత్రికమైనది కవిత్వము గాదు. ఈ ఆక్షేపణయందు సగము సత్యమున్నది. పునరుక్తి మొద్దుబార్చును. కాని పునరుక్తియే మాటను పరీక్షించును గూడ. ఒక్కమారు చదివినప్పుడు మెరసిన వాక్యము నూరవమారు వెలవెలబోవచ్చును; మొదట సామాన్యముగా తోచినది వేయవమారు లోతు చూపవచ్చును. సంగీతసాధకుడు ప్రతి ఉదయమును సరళీస్వరములతో ఆరంభించును. అది కచేరి గాదు. అది లేక కచేరియు లేదు. ఉదయప్రార్థన అట్టి సాధకము.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ఇటీవలి కాలమున దినమునకొక పుట చొప్పున కూర్చిన ధ్యానపుస్తకములు విస్తారముగా వెలువడుచున్నవి. వీనిలో మేలైనవి లేకపోలేదు. 1925లో వెలువడిన కౌమన్ సంకలనము, రోగియైన భర్తకు పరిచర్య చేసిన ఒక స్త్రీ బాధలో ఏరుకొన్న ధాన్యము. 'ఎడారిలో సెలయేర్లు' అను పేర అది తెలుగు క్రైస్తవగృహములందు సుపరిచితము. కాని అనేకములందు ఉదయప్రార్థన కార్యసిద్ధికి సాధనముగా, ఉద్యోగవ్యాపారములకు శుభారంభముగా, కాలమును పొదుపుచేయు ఉపాయముగా మారినది. దేవుని మొదట నిలుపుమని చెప్పుచు, తుదకు లాభమునే మొదట నిలుపుచున్నారు. ఇట్టి రచనలలోని భాషాదోషము భావదోషమునుండి పుట్టినదే. ప్రతి పుటయు విజయముతో ముగియును. ప్రతి ప్రశ్నయు సాయంకాలములోపల తీరును. విలాపవాక్యములను వ్రాసిన కవి ప్రతి ఉదయమును నూతనమగు వాత్సల్యమును గూర్చి పలికినది శిథిలమైన నగరముమధ్య నిలిచి. ఆ శిథిలములను తొలగించి ఆ ఒక్క మాటను మాత్రము బంగారుచట్రమున బిగించుట ఆ కవికి చేసిన అపచారము.

కావున ఈ సాహిత్యమున మంచిచెడ్డలను వేరుచేయుటకు మొదట వేసికొన్న ప్రశ్నయే చాలును. దేవునికి తన కోర్కెలపట్టీని జ్ఞాపకము చేయు రచన, తానెరుగకయే, దేవుడు నిద్రించుచున్నాడని భావించుచున్నది. తన్ను తాను మేల్కొలుపుకొను రచన మాత్రమే దినమును క్రమమున పేర్చగలదు. మార్కు మౌనము, బెనెడిక్టు మార్దవము, హెర్బర్టు విస్మయము, జాన్సన్ ఒప్పుకోలు, బోన్‌హోఫర్ గీటురాయి, మన కీర్తనకారుల సంబోధనాపరివర్తనము - ఇవి ఒకే వంశమునకు చెందినవి.

తెలుగుసీమలందును, దేశమున ఇతరప్రాంతములందును వసించు మన రచయితలకు నా విన్నప మొక్కటే. మతమును విచారింపకయే ఈ వాక్యములను వాక్యములుగా విచారింపవచ్చును. కీర్తనసంపుటములలోని పాఠభేదములను గుర్తించుట, ఉదయకీర్తనలను మన మేలుకొలుపులతో ప్రక్కప్రక్కన నుంచి చదువుట, ప్రార్థనానువాదములందు తెలుగువాక్యము గెలిచినచోట్లను, ఓడినచోట్లను చూపుట - ఈ మూడు పనులకును సామగ్రి సిద్ధముగా నున్నది. ఆ పని జరిగినప్పుడు మన భక్తివాఙ్మయముయొక్క పటము ఇప్పటికంటె విశాలమగును. అందులో దేవుని నిద్రలేపు గొంతుకయు, దేవుడు నిద్రలేపిన గొంతుకయు ఒకే ప్రాతఃకాలమున వినబడును. ఆ రెండింటిని వినగల చెవి విమర్శకున కుండవలెను.